ఎర్త్ గుంతకు రెండు బకెట్లు

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు ఆమె టిఫిన్ క్యారియర్ పైగిన్నె మూత తీసింది. ఆ రోజు దొండకాయ వేపుడు. నిమిషంతో సహా ఎందుకు గుర్తుందంటే, సరిగ్గా అదే నిమిషానికి ఆసుపత్రి ముందు భవనంలో ఉన్న కంప్యూటర్ "డోర్ ఓపెన్" అని రాసుకుంది. రక్తం నిల్వ చేసే ఫ్రిజ్ తలుపు తెరిచి ఉందని దాని అర్థం. ఆమె ఆ ఆసుపత్రి బ్లడ్ బ్యాంక్ టెక్నీషియన్. ఫ్రిజ్ ఆమె బాధ్యత. కంప్యూటర్‌కు ఆ మాట నేర్పినవాణ్ణి నేను.

నేను మారేడ్‌పల్లిలో ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. ఒక ఇంటి మొదటి అంతస్తులో ఆరు బల్లలు, రెండు ఆసిలోస్కోపులు, ఒక లాప్‌టాప్. కొలత పరికరాలు తయారు చేసేవాళ్లం. అప్పుడు ఊరంతా సాఫ్ట్‌వేర్ గాలి వీస్తోంది. మా దగ్గర బోర్డులకు టంకం పెట్టడం నేర్చుకున్నవాళ్లు ఆరు నెలలు తిరక్కుండానే మాదాపూర్ వైపు వెళ్లిపోయేవాళ్లు. పోయినవాళ్ల పని ఉన్నవాళ్ల మీద పడేది. అందుకే ఆ ఫ్రిజ్ పరికరానికి బోర్డు గీసిందీ నేనే, ప్రోగ్రాం రాసిందీ నేనే, తీసుకెళ్లి బిగించిందీ నేనే. తప్పు జరిగితే వేరెవరి మీదికీ తొయ్యడానికి లేదు.

పని పెద్దదేం కాదు. ఆసుపత్రి మా ఆఫీసు నుంచి నడిచిపోయేంత దూరం. పాత బంగళా ముందు భవనం, దాని వెనక ఖాళీ స్థలం, ఆ చివర పెంకుల షెడ్డు. షెడ్డులో ఒక గది బ్లడ్ బ్యాంక్, పక్క గదిలో ఆపరేషన్ సామాను ఉడికించే స్టెరిలైజర్. ఫ్రిజ్ లోపల వేడి కొలిచే మొన ఒకటి, తలుపుకు ఒక స్విచ్చి పెట్టాం. అవి రెండూ ఒక మైక్రోకంట్రోలర్ బోర్డుకు చేరతాయి. ముందు భవనంలో మేనేజర్ గదిలో ఉన్న కంప్యూటర్ నిమిషానికొకసారి ఆ బోర్డును అడుగుతుంది, బోర్డు జవాబు చెబుతుంది, కంప్యూటర్ రాసుకుంటుంది.

ఆ అడగడం, చెప్పడం మూడు తీగల మీద జరిగేది. ఒకటి పంపడానికి, ఒకటి అందుకోవడానికి. మూడోది రెండు వైపులకూ ఉమ్మడి గ్రౌండ్. పంపే తీగలో వోల్టేజి ఇంత అంటే, ఈ మూడో తీగతో పోలిస్తే ఇంత అని. సీరియల్ కేబుల్‌తో మీకు ఎప్పుడైనా పని పడితే మొదటి రెండు తీగలనే అనుమానిస్తారు. అటుదిటు అయ్యాయా, వేగం కలిసిందా, చిప్ కాలిందా అని చూస్తారు. నేనూ అంతే.

డిసెంబరులో బిగించాం. నాలుగు నెలలు ఏ ఇబ్బందీ లేదు.

బిగించిన రోజుల్లోనే ఆ ఆసుపత్రి ఎలక్ట్రీషియన్‌ను చూశాను. అరవై దాటిన మనిషి, ఖాకీ చొక్కా, చెవి వెనక టెస్టర్. ఎన్నో ఏళ్లుగా అక్కడే ఉన్నాడు. అందరూ ఆయన్ని పెద్దాయన అనేవాళ్లు. ఒక రోజు భోజనం అయ్యాక ఆయన డబ్బా కడుక్కుని, రెండు బకెట్లు నింపుకుని, షెడ్డు వెనక్కి వెళ్లాడు. నేను కేబుల్ లాగుతూ అక్కడే ఉన్నాను. గోడ పక్కన చిన్న సిమెంటు గట్టు, మధ్యలో ఇనుప మూత. మూత తీసి నెమ్మదిగా నీళ్లు పోశాడు.

"ఏం మొక్క పెట్టారు?" అని అడిగాను. అక్కడ మొక్క లేదు. పరాచికానికే అడిగాను.

"కరెంటు మొక్క సారూ. ఎండితే మనుషుల్ని పట్టుకుంటది" అన్నాడు.

నవ్వి నా పని చూసుకున్నాను.

ఇక్కడ నా చదువు గురించి చెప్పాలి. డిప్లొమా రెండో సంవత్సరం పరీక్షలో ఎర్త్ పిట్, అంటే దారి తప్పిన కరెంటును భూమిలోకి దింపే గుంత, దాని బొమ్మ వెయ్యమని అడిగారు. గుంత, గుంతలో గొట్టం, చుట్టూ బొగ్గు ఒక పొర, ఉప్పు ఒక పొర, పైన నీళ్లు పోయడానికి గరాటు. నీట్‌గా వేశాను. మార్కులు బాగానే వచ్చాయి. ఒక మనిషి నా కళ్ల ముందు ఆ గరాటులోనే నీళ్లు పోస్తుంటే, అది నేను వేసిన బొమ్మే అని తట్టలేదు.

ఏప్రిల్‌లో ఆసుపత్రివాళ్లు కరెంటు, నీళ్లు, ఊడ్పు అన్నీ కలిపి ఒక ఏజెన్సీకి ఇచ్చేశారు. పెద్దాయన్ని ఇంటికి పంపించారు. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు. తెలిసినా నా పనికీ దానికీ సంబంధం ఉందనుకునేవాణ్ణి కాదు.

మే నెల మొదట్లో మేనేజర్ ఫోన్ చేశాడు. నలభై ఏళ్ల మనిషి, మాట మర్యాద, కంప్యూటర్ అంటే భక్తి. మా పరికరం కొనాలని ట్రస్టును ఒప్పించింది ఆయనే. వెళ్లేసరికి బల్ల మీద రెండు వారాల ప్రింటౌట్లు పరిచి ఉన్నాయి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు లోపల, వరసగా "డోర్ ఓపెన్", "డోర్ ఓపెన్". ఒక రోజు ఇరవై నిమిషాలు, ఒక రోజు నలభై.

"చూడండి, ఆ టెక్నీషియన్ లంచ్ టైమ్‌లో తలుపు తీసిపెట్టేసి కూర్చుంటోంది. ఏసీ లేదు కదా గదిలో, చల్లగాలికి. నాకు అర్థమైంది. మీ సిస్టమ్ కరెక్టే కదా?" అన్నాడు.

"కరెక్టే" అన్నాను.

అలా తెరిచి ఉంచిన ఫ్రిజ్‌లో రక్తం వాడకూడదు. అప్పటికే కొన్ని సంచులు పారేశారు. అక్కడ రక్తం ఊరికే దొరికేది కాదు. లోపలున్న రోగి కోసం బంధువులు వరండాలో వరసగా కూర్చుని ఇచ్చేవాళ్లు. ఆ సంచులు పారబోశారంటే తప్పు చిన్నది కాదు. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. తీసేస్తే ఇల్లు గడవకపోవడం ఒక్కటే కాదు, ఆ మచ్చతో మరో బ్లడ్ బ్యాంక్‌లో అడుగు పెట్టనివ్వరు.

ఆమెది శ్రీకాకుళం వైపు. భర్త ఒక ప్రెస్సులో పనిచేసేవాడు. ముప్పై ఐదేళ్లుంటాయి. మనిషి మెతకగా కనిపించేది గానీ, మాట తిన్నగా ఉండేది.

"నేనేటి, ఫ్రిజ్ తీసి గాలికి కూకుంటానా సార్? పసిపిల్లల కోసం కూడా రక్తం ఉంటది అందులో. తీసాను, సంచి తీసాను, వేసీసాను. అంతే. నేను అన్నం తింటున్న టైముక్కూడా తెరిసుందని రాసీసింది మీ మిషను."

ఆమె రిజిస్టరు చూపించింది. కంప్యూటర్ వచ్చాక చేత్తో రాయడం ఆపెయ్యమని మేనేజర్ చెప్పాడట. ఆమె ఆపలేదు. గంటగంటకూ ఫ్రిజ్ మీది ముల్లు చూసి, అంకె వేసి, సంతకం పెట్టింది. అన్ని గంటలకూ నాలుగు డిగ్రీలు, ఎప్పుడైనా అయిదు.

"రెండింటి నుంచి నాలుగింటి దాకా తెరిసుంటే, నాలుగు డిగ్రీలే ఉంటదేటి సార్?"

మంచి ప్రశ్న. నా ప్రింటౌట్‌లో కూడా ఆ సమయాల్లో వేడి పెరగలేదు. అది నాకు కనిపించింది. తలుపు కొద్దిగానే తెరిచి ఉంటుందిలే, మొన లోపలికి ఉంది కదా, తెలియడానికి సమయం పడుతుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆమెకూ అదే చెప్పాను. ఆమె చేత్తో రాసిన అంకెను ఆమె మాటగా, నేను రాయించిన అంకెను నిజంగా తీసుకున్నాను.

అయినా పరీక్ష చెయ్యాలి కాబట్టి, తరవాతి సోమవారం మా లాప్‌టాప్ తీసుకుని వెళ్లాను. మేనేజర్ గదిలో కంప్యూటర్ వెనక నుంచి కేబుల్ ఊడదీసి లాప్‌టాప్‌కు తగిలించాను. రెండు నుంచి నాలుగు దాకా కూర్చున్నాను. నిమిషానికొక జవాబు, ఒక్క తప్పు లేకుండా వచ్చింది. తలుపు తీసినప్పుడు తెరిచి ఉందంది, వేసినప్పుడు వేసి ఉందంది. మంగళవారం కూడా అంతే. బుధవారమూ అంతే.

"సిస్టమ్‌లో లోపం ఏమీ లేదు" అని మేనేజర్‌తో అన్నాను.

"నాకు తెలుసు. మీరు కూర్చుంటే తియ్యదు కదా!" అని నవ్వాడు. శనివారం మధ్యాహ్నం విచారణ పెట్టాడు. ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ, ఆయన, ఆమె, నేను. నేను సాక్షిని.

నా ఉద్యోగంలో నేను చేసిన పొరపాట్లు చాలా ఉన్నాయి. బోర్డులు కాల్చాను, గడువులు తప్పాను. వాటిని తలచుకుంటే నవ్వొస్తుంది. బుధవారం సాయంత్రం అన్న ఆ ఒక్క వాక్యానికి మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు.

గురువారం నా సామాను తెచ్చుకుందామని వెళ్లాను. ఆమె షెడ్డు మెట్ల మీద నిలబడి ఉంది. ఏడవలేదు, దణ్ణాలు పెట్టలేదు. ఒక్క మాట అడుగుతానంది.

"మీరు కూకున్న మూడు దినాలూ నేను వేరేగా ఏటీ చెయ్యలేదు సార్. ఎప్పట్లాగే తీసాను, ఎప్పట్లాగే వేసీసాను. నేను మారలేదు, ఫ్రిజ్ మారలేదు. ముందుగదిలో పెట్టె మీరు మార్చీసారు. మరి మారింది వొగ్గీసి మారందాన్ని పట్టుకుంటారేటి?"

లోపం వెతకడం గురించి నాకు ఎవరూ ఇంత తేటగా చెప్పలేదు. మా వృత్తిలో మొదటి పాఠమే అది. ఏది మార్చావో దాన్నే చూడు.

"పెద్దాయనుండగా ఇలాంటి తగువే లేదు" అని కూడా అంది. అది అప్పుడు నా తలకెక్కలేదు.

నేను తిరిగి మేనేజర్ గదికి వెళ్లి లాప్‌టాప్ మళ్లీ తగిలించాను. రెండు దాటింది. జవాబులు బాగానే వస్తున్నాయి. కానీ ముందు రోజు బ్యాటరీ నింపుకోవడం మరిచిపోయాను. పావుగంటలో అది అరవడం మొదలుపెట్టింది. ఛార్జర్ తీసి గోడ ప్లగ్గులో పెట్టాను.

తెర మీద జవాబుల స్థానంలో చెత్త అక్షరాలు పడ్డాయి. తరవాత నిమిషం అసలు జవాబే లేదు. ఆ పైన "డోర్ ఓపెన్".

ప్లగ్గు పీకాను. జవాబులు తిన్నగా వచ్చాయి. పెట్టాను. చెత్త. అయిదారు సార్లు పెట్టి పీకాను. షెడ్డు వైపు కిటికీలోంచి చూస్తే ఆమె మెట్ల మీద కూర్చుని అన్నం తింటూ కనబడుతోంది. ఫ్రిజ్ గది తలుపుకు తాళం వేసి ఉంది.

లాప్‌టాప్ బ్యాటరీ మీద ఉన్నంతసేపూ దానికి ఈ గోడతో సంబంధం లేదు. ఛార్జర్ పెట్టగానే, మూడో పిన్ను ద్వారా ఈ భవనం ఎర్త్‌తో కలిసింది. మేనేజర్ కంప్యూటర్ ఎప్పుడూ కలిసే ఉంటుంది. అంటే నేను మూడు రోజులు చేసిన పరీక్ష, రోగిని మంచం దింపి మంచాన్ని పరీక్షించినట్టు. షెడ్డు నుంచి వచ్చే కేబుల్ కొస ఇనుప రేకును ఒక చేత్తో, కంప్యూటర్ డబ్బాను మరో చేత్తో ముట్టుకున్నాను. జివ్వుమంది. మీరు అలా ముట్టుకోకండి. మీటరు ఉంటుంది, దాన్ని వాడండి. తరవాత నేనూ మీటరే పెట్టాను. నలభై వోల్టులకు పైనే చూపించింది. మూడో తీగకు రెండు కొసల్లోనూ ఒకటే మట్టం ఉండాలి. షెడ్డు ఎర్త్‌తో కలిసిన ఆ చివర మట్టం ఊగుతుంటే, ఈ చివర ఉన్నవాడు పంపిన మాటను ఎలా చదువుతాడు?

ఏజెన్సీ ఎలక్ట్రీషియన్‌ను పిలిచి షెడ్డు ఎర్తింగ్ ఎక్కడుందని అడిగాను. "అంతా ఓకే సార్, లైట్లు ఎలుగుతున్నయ్ గద" అన్నాడు. పాత భవనం. వైరింగ్ పటం ఏదీ లేదు. ఉన్న ఒక్క పటం ఒక మనిషి తలలో ఉంది. ఆ మనిషి లాలాగూడలో ఉన్నాడని ఆమె చెప్పింది. కొడుకుకి రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం, అక్కడి క్వార్టర్స్‌లో ఉంటున్నారు.

శుక్రవారం పొద్దున్నే వెళ్లాను. పెద్దాయన గుమ్మంలో స్టూలు వేసుకుని ఒక టేబుల్ ఫ్యాను విప్పుతున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. సంగతంతా చెప్పబోయాను. "ఆసుపత్రిలో కంప్యూటర్ తేడాగా..." అనగానే చెయ్యెత్తి ఆపాడు.

"నీళ్లు పోస్తున్నరా?"

"ఏ నీళ్లు?"

ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

"గా గుంతకు సారూ. షెడ్డెనక గుంతకు. నేను పోస్తుంటె మీరు చూసిన్రు గద. ఏం మొక్క అని మజాక్ సుత చేసిన్రు."

అప్పుడు నా పరీక్ష పేపర్లో బొమ్మ గుర్తొచ్చింది. బొగ్గు, ఉప్పు, గరాటు.

"షెడ్డు కింద అంత రాయి సారూ. తడి నిలువది. ఎండకాలం రోజుకు రెండు బకెట్లు తాగాలె, అప్పుడే పనిచేస్తది. గా స్టెరిలైజర్ హీటరు పదేండ్ల కెల్లి లీకుంది, మార్చమంటే మార్చలే. రెండింటికి షురూ చేస్తరు. అందుకే నేను ఒంటిగంటన్నరకు పోస్తుంటి. తిన్నంక డబ్బ కడుగుడు, నీళ్లు పోసుడు. యాది మరువకుండ ఉండేతందుకు గట్ల పెట్టుకున్న."

గుంత ఎండితే ఆ లీకైన కరెంటు భూమిలోకి దిగదు, షెడ్డు ఎర్త్ మీదే నిలిచి మా మూడో తీగలోకి ఎక్కుతుంది.

"పోయేటప్పుడు ఎవరికీ చెప్పలేదా?"

"ఎవ్వలడిగిన్రు? తాళంచెవులు ఇయ్యిమన్నరు, ఇచ్చిన. గుంత సంగతి కాయితం మీద లేదు గద."

ఆ మాటలో కోపం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. నేను విచారణ గురించి, ఆమె ఉద్యోగం గురించి చెప్పాను. ఆయన ముఖం మారింది. "గా బిడ్డ మీద పెట్టిన్రా?" అన్నాడు. "రోజు నాకు అన్నం తిన్నవా తాతా అని అడుగుతుండె."

వెంటనే వెళ్లి నీళ్లు పోసేస్తానన్నాను. ఆయన వద్దన్నాడు.

"ఇయ్యాల పొయ్యకుండ్రి. మీరొక్కలు చూస్తె ఏం ఫాయిదా? రేపు అందరి ముంగట పొయ్యిండ్రి."

రమ్మన్నాను. ఎల్లగొట్టినకాడికి మళ్లెట్ల వస్త, అన్నాడు.

ఆ సాయంత్రం మా యజమానికి అంతా చెప్పాను. మంచివాడే, కానీ మరో రెండు ఆసుపత్రులు మా పరికరం కోసం అడుగుతున్నాయి. "ఎర్తింగ్ వాళ్లది. అంతవరకే చెప్పు. మన ప్రోగ్రాం మాట నువ్వెత్తకు. ఎవరూ అడగరు" అన్నాడు.

మా ప్రోగ్రాం మాట ఏమిటంటే ఇది. బోర్డు నుంచి జవాబు సరిగా రాకపోతే కంప్యూటర్ మూడుసార్లు అడుగుతుంది. అప్పటికీ రాకపోతే వేడి దగ్గర పాత అంకె ఉంచి, తలుపు దగ్గర సున్నా ఉంచుతుంది. సున్నా అంటే తెరిచి ఉన్నట్టు. తలుపు స్విచ్చి తీగ తెగిపోయినా తెరిచి ఉన్నట్టే చూపాలి, అప్పుడు ఎవరో ఒకరు వెళ్లి చూస్తారు, అదే భద్రత అని నాకు నేర్పారు. నేర్పింది తప్పు కాదు. కానీ "తెలియదు" అనే మాట నా ప్రోగ్రాంలో ఎక్కడా లేదు. తెలియని ప్రతిసారీ అది ఆమె పేరు చెప్పింది.

శనివారం ఒంటిగంటన్నరకు వెళ్లాను. షెడ్డు వెనక ఏజెన్సీవాళ్లు విరిగిన మంచాలు పేర్చి పెట్టారు. నేనూ ఆమే వాటిని పక్కకు లాగాం. ఇనుప మూత బయటపడింది. తీస్తే లోపల మట్టి బీటలు వారి ఉంది. రెండు బకెట్లు నింపి పక్కన పెట్టాం. ముట్టుకోలేదు.

రెండింటికి డాక్టరమ్మ మేనేజర్ గదికి వచ్చారు. పెద్ద వయసు, తక్కువ మాట. విచారణకు ముందు ఒక పది నిమిషాలు ఇవ్వమని అడిగాను. ఆమె చేత ఫ్రిజ్‌కు తాళం వేయించి, తాళంచెవి డాక్టరమ్మ ముందు బల్ల మీద పెట్టించాను. ఆమె తన టిఫిన్ క్యారియర్ కూడా తెచ్చి ఆ పక్కనే పెట్టింది. ఎందుకు తెచ్చిందో నాకు తెలియదు. తింటున్నాననే కదా అన్నారు, ఇదిగో, అన్నట్టుంది.

మొదట ఏమీ జరగలేదు. తలుపు వేసి ఉంది, వేసి ఉంది, వేసి ఉంది. మేనేజర్ వాచీ చూసుకున్నాడు. ఆ రోజు స్టెరిలైజర్ వెయ్యరేమోనన్న ఆలోచన అప్పుడొచ్చింది. రెండూ పన్నెండుకి వెనక షెడ్డులో దాని రిలే స్విచ్చి టక్కుమన్న శబ్దం కిటికీలోంచి వినబడింది. మరుసటి నిమిషంలో తెర మీద "డోర్ ఓపెన్" పడింది.

తాళంచెవి బల్ల మీదే ఉంది.

డాక్టరమ్మ నా వైపు తిరిగారు. "తలుపు మూసి ఉంది. మరి తెరిచి ఉందని ఎందుకు రాసింది?"

"దానికి జవాబు అందలేదండి. అందకపోతే అలా రాస్తుంది."

"అలా రాయమని ఎవరు చెప్పారు?"

ఇక్కడ నాకు రెండు దారులున్నాయి. ఎర్తింగ్ గురించి మొదలుపెట్టి, వోల్టుల గురించి చెప్పి, ఈ ప్రశ్నను దాటెయ్యవచ్చు. ఎవరికీ తెలిసేది కాదు. మా యజమాని ముఖం గుర్తొచ్చింది. బల్ల మీద క్యారియర్ కూడా కనబడింది.

"నేనేనండి" అన్నాను. "జవాబు రాకపోవడానికి కారణం ఎర్తింగ్. రాని జవాబును ఈవిడ తప్పుగా రాసింది మాత్రం నేను. బుధవారం నాడు సిస్టమ్‌లో లోపం లేదని చెప్పింది కూడా నేనే. అది తప్పు."

డాక్టరమ్మ తలాడించి, రిజిస్టరు తెమ్మన్నారు. ఒక్కో పేజీ తిప్పారు. తొందరపడలేదు. చివరికి మేనేజర్‌ను, "ఇది రాయడం ఆపమన్నది ఎవరు?" అని అడిగారు. ఆయన ప్రింటౌట్లు తీసి సొరుగులో పెట్టాడు. అప్పుడు ఆయన మీద నాకు జాలే కలిగింది. ఆయన నన్ను నమ్మాడు, అంతే.

మేనేజర్‌ను తెర చూస్తూ ఉండమని, మిగతావాళ్లం షెడ్డు వెనక్కి నడిచాం. అక్కడ పెద్దాయన నిలబడి ఉన్నాడు, చేతిలో సంచితో.

"మోండాకు పోతున్న, కూరగాయలకు. దారిల ఆగిన" అన్నాడు.

సంచి ఖాళీగా ఉంది. మోండా మార్కెట్‌కు వెళ్లేవాడు ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా ఎందుకు వేసుకున్నాడని ఎవరూ అడగలేదు.

నేను బకెట్ ఎత్తబోయాను. "ఆగుండ్రి, మీకు రాదు. ఒక్కపారి కుమ్మరిస్తె పక్కకెల్లి పోతది" అని ఆయనే తీసుకున్నాడు. తీసుకుని, ఏమనుకున్నాడో, ఆమెకు ఇచ్చాడు. "పొయ్యి బిడ్డా. మెల్లగ. భూమి తాగాలె, జెర టైం ఇయ్యి." ఆమె సన్నటి ధారగా పోసింది. మట్టి పీల్చుకున్న చప్పుడు వినబడింది. రెండో బకెట్ సగం అయ్యేసరికి, ముందు భవనం ఎర్త్ నుంచి తీగ లాగి పెట్టిన నా మీటర్లో అంకె తగ్గడం మొదలైంది. నలభై, ఇరవై ఎనిమిది, పందొమ్మిది. పదిహేను నిమిషాలకు మూడుకు వచ్చి ఆగింది. మేనేజర్ తన గది కిటికీలోంచి అరిచాడు: "క్లోజ్డ్ అని వస్తోంది! క్లోజ్డ్!" ఆ గొంతులో సంతోషమే ఉంది.

స్టెరిలైజర్ ఇంకా నడుస్తూనే ఉంది.

పెద్దాయన డాక్టరమ్మకు నమస్కారం పెట్టి, ఇక మోండాకు పోతానన్నాడు. ఆవిడ ఆయన్ని ఉండమన్నారు. ఏజెన్సీతో ఒప్పందం కుదిరిపోయింది కాబట్టి ఉద్యోగం తిరిగి ఇవ్వలేకపోయారు. ఆ తరవాత రెండు మూడు సార్లు పిలిపించి, షెడ్డులో ఏ తీగ ఎటు పోతుందో ఆయన చెబుతుంటే పటం గీయించారు. గీసింది నేను.

ఆమె ఉద్యోగం నిలిచింది. మరుసటి ఏడాది పర్మనెంటు కూడా అయింది. స్టెరిలైజర్ హీటరు మార్చారు. నేను ప్రోగ్రాంలో మూడో మాట చేర్చాను: "జవాబు లేదు." తరవాత చేసిన అన్ని బోర్డుల్లోనూ రెండు వైపుల గ్రౌండ్ కలవకుండా మధ్యలో వెలుతురుతో పనిచేసే చిప్‌లు పెట్టాను. మా యజమాని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఆ రెండు ఆసుపత్రులూ మమ్మల్నే రమ్మన్నాయి. డాక్టరమ్మ వాళ్లకు ఏం చెప్పారో మాకు తెలియదు.

ఆమెకు క్షమాపణ చెప్పాలని మర్నాడు వెళ్లాను. నేను మొదలుపెట్టేలోపే ఆమే అంది: "పోన్లెండి సార్. కాకపోతే ముందే నన్నొకసారి అడగాల్సింది. మిషన్ని మూడు దినాలు అడిగారు." ఆపైన రిజిస్టరులో కొత్త గడి గీయడానికి నా స్కేలు అడిగింది. వేడి, సమయం, సంతకం పక్కన నాలుగో గడి. దాని మీద "నీళ్లు" అని రాసింది. ఆ రోజు నుంచి ఏజెన్సీ మనిషి ఒంటిగంటన్నరకు రెండు బకెట్లు పోసి, ఆ గడిలో సంతకం పెట్టేవాడు. ఆమె పెట్టించేది.

పెద్దాయన మొన్న మాఘంలో పోయాడు. ఆమే ఫోన్ చేసి చెప్పింది. ఆమె కూడా రిటైరై నాలుగేళ్లయింది. లాలాగూడలో కలిశాం. ఇంటి ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. కొడుకు మమ్మల్ని ఎవరని అడిగాడు. "ఆసుపత్రిలో కలిసి పనిచేశాం" అంది ఆమె. నేను అక్కడ ఎప్పుడూ పనిచేయలేదు గానీ, కాదనలేదు.

ఆయన గురించి పెద్ద మాటలు రాయడం నాకు చేతకాదు, ఆయనకు నప్పవు కూడా. తన పని ఏమిటో ఎవరూ రాసివ్వకపోయినా తెలిసినవాడు. భోజనం డబ్బా కడగడానికి ఒక పనిని ముడివేసుకుని, అన్నేళ్లు మరవకుండా చేశాడు. మీరు ఏ కొత్త చోటికి పనికి వెళ్లినా, అక్కడ ఇంతకుముందు ఎవరు పనిచేసేవారో, తిన్నాక ఏం చేసేవారో అడగండి.

తిరుగు దారిలో ఇద్దరం ఆసుపత్రి ముందు ఆటో దిగాం. బంగళా లేదు, షెడ్డు లేదు. అయిదంతస్తుల భవనం. కొత్త ఎర్తింగ్‌కు ఏవో రసాయనం నింపిన గొట్టాలు వేశారట, వాటిని చూసుకోనక్కర లేదని వాచ్‌మన్ చెప్పాడు. ఫ్రిజ్‌లు వాటంతటవే ఫోన్లకు కబురు పంపుతాయట. రిజిస్టరు ఏమైందని ఆమె అడిగింది. ఏ రిజిస్టరమ్మా అన్నాడతను.

గుంత ఉన్న చోట ఇప్పుడు కార్లు ఆపుతున్నారు. అక్కడ ఎవరూ నీళ్లు పోయడం లేదు.